గూటి దగ్గర ఆగకూడదు

"ఆగకండి, నడుస్తూనే ఉండండి" అన్నాడు మందుల షాపాయన. "తల తిప్పకుండా కంటి కొసతో చూడండి. ఎడమ పక్క, ఎండిన తుంగ దుబ్బు మొదట్లో."

డిటెక్టివ్ నడుస్తూనే చూసింది. బురద, గులకరాళ్లు, గడ్డిపోచలు తప్ప ఏమీ కనిపించలేదు. నాలుగడుగులు దాటాక గాని వెలగలేదు, ఆ రాళ్లలో మూడు రాళ్లు కావని.

"గుడ్లా?"

"నల్లమెడ ఉల్లంకి పిట్ట గుడ్లు. తల్లి మనల్ని చూసి దిగిపోయింది. మనం దాటిపోతే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పదండి, పదండి."

గూడు దాటాక కూడా ఆయన వెనక్కి తిరగలేదు. జమ్ము పొదల్లోంచి ముందుకే వెళ్లి, వెడల్పుగా చుట్టు తిరిగి, ఇంకో వైపు నుంచి గట్టెక్కాడు. ఆయాసపడుతూ గమ్‌బూట్ల బురద రాయికేసి రుద్దాడు. ఎడమ బూటు ముందు భాగం చిరిగి ఉంది. దాని మీద గాయాలకు వేసే తెల్ల ప్లాస్టర్ అడ్డంగా, నిలువుగా అంటించి ఉంది.

"కొత్తవి కొనుక్కోవచ్చుగా?" అంది డిటెక్టివ్.

"మా ఆవిడా అదే అంటుంది. షాపులో ప్లాస్టర్ ఉండగా బూట్లెందుకు దండగ అంటాను." నవ్వబోయాడు. గట్టు కింద తూము కనిపించి నవ్వు ఆగిపోయింది. "మాస్టారు ఉంటే నన్ను వెక్కిరించేవాడు."

మాస్టారు లేడు. ఊళ్లోని పక్షి వీక్షకుల క్లబ్బును పెట్టింది ఆయనే. రిటైరైన సైన్సు టీచరు. మొన్న సాయంత్రం ఈ తూము దగ్గరే మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడి చచ్చిపోయి కనిపించాడు. తల వెనక తూము రాయి తగిలిన గాయం. ఊపిరితిత్తుల్లో నీళ్లు. ఆ రాత్రే పోలీసులు ఆయన అల్లుణ్ని పట్టుకున్నారు. అల్లుడు ఫొటోగ్రాఫర్. ఇవాళ మధ్యాహ్నం కోర్టులో పెడతారు. తండ్రిని పోగొట్టుకున్న కూతురు ఇప్పుడు మొగుణ్ని కూడా పోగొట్టుకోబోతోంది. అందుకే నిన్న రాత్రి డిటెక్టివ్ ఇంటికొచ్చి తలుపు కొట్టింది.

"ఎందుకు ఆగకూడదు?" డిటెక్టివ్ అడిగింది.

"గూటి దగ్గరా? అది క్లబ్బులో మొదటి రోజు నేర్పే పాఠం. మనిషి ఎక్కడ ఆగాడో కాకి పైనుంచి చూస్తుంది. మన వాసన ఎక్కడ ఆగిపోయిందో అక్కడికి కుక్క వచ్చి వెతుకుతుంది. అందుకని గూటి దగ్గరికి వెళ్లి, చూసి, వచ్చిన దారినే తిరిగి రాకూడదు. అలా చేస్తే మనమే దొంగకి దారి చూపించినట్టు. దాటుకుని పోవాలి. చుట్టు తిరిగి రావాలి. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాం. ఇప్పుడు మా కాళ్లే చూసుకుంటాయి, మేం ఆలోచించక్కర్లేదు."

"ఈ గూడు ఎక్కడుందో ఎంతమందికి తెలుసు?"

"మాస్టారికీ, నాకూ. అంతే. క్లబ్బు గదిలో మ్యాపు చూశారుగా? గుండుసూది విరిగిన పడవ దగ్గర గుచ్చి ఉంది. అది అబద్ధం. అరుదైన పక్షి అయితే సూది ఎప్పుడూ తప్పు చోటే గుచ్చుతాం. గుడ్లెత్తుకుపోయి లక్షలకు అమ్ముకునే వాళ్లు ఉంటారు కదమ్మా. ఈ ఏడు రెండు గూళ్లు అలాగే పోయాయి. ఇది మూడోది, ఆఖరిది. రేపు నిపుణుల బృందం వచ్చి దీన్ని చూస్తేనే ఈ మడుగు పూడ్చడం ఆగుతుంది. చూడకపోతే ఎల్లుండి లారీలు మట్టి పోస్తాయి."

డిటెక్టివ్ గట్టు మీద గొంతుక్కూర్చుంది. కింద జమ్ములో వాళ్లిద్దరూ నడిచిన దారి స్పష్టంగా ఉంది. దాని పక్కనే ఇంకో దారి. జమ్ము కాడలు వంగి ఇంకా లేవలేదు. బురదలో అడుగులు పూడుకుపోయాయి, సైజు తెలియడం లేదు. కానీ ఒక సంగతి తెలుస్తోంది. నిన్న పగలు కురిసిన వాన చినుకులు బురదంతా చిల్లులు పొడిచాయి. ఆ అడుగుల అంచుల మీద మాత్రం ఒక్క చిల్లు లేదు.

"మీరు నిన్న వచ్చారా?"

"లేదు. మాస్టారి అంత్యక్రియల పనుల్లో ఉన్నాను."

"ఎవరో వచ్చారు. వాన వెలిశాక వచ్చారు. ఎలా వెళ్లారో చూడండి."

మందుల షాపాయన బైనాక్యులర్స్ ఎత్తాడు. ఆ దారి గూటి వైపు వెళ్లింది. గూటి దగ్గర ఆగలేదు. దాన్ని దాటుకుని, జమ్ములో చుట్టు తిరిగి, మళ్లీ గట్టుకు వచ్చింది.

"మా వాళ్లెవరో..." ఆయన గొంతు తగ్గింది. "కానీ ఎవరికీ తెలీదే!"

"అల్లుడైతే కాదు. మొన్న రాత్రి నుంచి అతను లాకప్‌లోనే ఉన్నాడు. ఇంకో సంగతి. గూటికి ఎదురుగా ఒక గుంజ ఉంది, చూశారా? దాని కింది భాగంలో నాచు లేకుండా ఒక పట్టీ. ఏదో బెల్టుతో కట్టి విప్పినట్టుంది. ఏముండేది అక్కడ?"

ఆయన బైనాక్యులర్స్ అలాగే పట్టుకుని ఆ గుంజను చూశాడు. చాలాసేపు చూశాడు.

"కెమెరా అయ్యుండొచ్చు" అన్నాడు చివరికి. "ఏదైనా కదిలితే తనంతట తను వీడియో తీస్తుంది. మాస్టారు కట్టుంటాడు. నాకు మాత్రం చెప్పలేదు." గొంతులో నొప్పి వినిపించింది. "నాకు కూడా చెప్పలేదు."

*

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ఇంకా కిర్రుమంటూనే ఉంది. రెండేళ్ల కిందటి వరకు ఆ కుర్చీ డిటెక్టివ్‌ది. ఇప్పుడు అందులో ఆమె మరిది కూర్చున్నాడు.

"రండి వదినా. కాఫీ తాగుతారా? లేకపోతే ముందు నన్ను తిడతారా?"

"కాఫీ వద్దు. ఆ కుర్చీకి కాస్త నూనె వెయ్యవయ్యా."

"మీరున్నప్పుడు కూడా అరిచేది. మిమ్మల్ని చూసి భయపడి తక్కువగా అరిచేది, అంతే." అతను ఫైలు ముందుకు తోశాడు. "మీ కష్టం తప్పించాను. ఫొటోగ్రాఫర్ పొద్దున ఒప్పుకున్నాడు. గూడు ఫొటో తీద్దామని దొంగతనంగా వెళ్లాడట. మామగారు పట్టుకున్నాడు. మాటా మాటా పెరిగింది, తోశాడు. పాత గొడవ ఉండనే ఉంది. ఫోన్లో పిట్ట కూత పెట్టి, పిట్టల్ని మోసం చేసి పిలిచి ఫొటోలు తీస్తున్నాడని నెల కిందట క్లబ్బు నుంచి వెళ్లగొట్టాడు పెద్దాయన. అందరి ముందు, కాలరు పట్టుకుని. ఇంకేం కావాలి?"

"అతనితో ఒక్క నిమిషం మాట్లాడాలి."

"ప్రైవేటు డిటెక్టివ్‌లకు ఆ సౌకర్యం లేదు వదినా."

"మీ అన్నయ్య ఆదివారం నీకిష్టమైన కూర వండుతానన్నాడు. నువ్వు రావడం లేదని చెప్పనా?"

మరిది పళ్లు కొరికాడు. "ఒక్క నిమిషం. నా ఎదురుగానే."

ఫొటోగ్రాఫర్ కటకటాల వెనక గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి. గడ్డం మాసింది. లేవలేదు.

"మీ ఆవిడ పంపింది" అంది డిటెక్టివ్.

"ఇంటికెళ్లమనండి. నేనే చేశానని చెప్పానుగా."

"సరే. ఒక్కటే అడుగుతా. గూడు ఎక్కడుంది?"

"అదే... విరిగిన పడవ ఉంది చూడండి, దాని పక్కన."

"అక్కడే తోశావా?"

"అక్కడే."

"మామయ్య తల దేనికి తగిలింది?"

అతను తడబడ్డాడు. "పడవకే... పడవ చెక్కకి."

డిటెక్టివ్ మరిది వైపు చూసింది. మరిది ఫైలు వైపు చూశాడు.

"మొన్న సాయంత్రం మీ ఆవిడ ఎక్కడుంది?" ఆమె గొంతు మార్చకుండానే అడిగింది.

"ఇంట్లో!" అతను దిగ్గున లేచి కటకటాలు పట్టుకున్నాడు. "ఇంట్లోనే ఉంది. ఎక్కడికీ వెళ్లలేదు. దాన్ని ఇందులోకి లాగకండి. నేను ఒప్పుకున్నాను కదా, ఇంక చాలదా మీకు?"

బయటకొచ్చాక మరిది గబగబా నడిచాడు. "కంగారులో తడబడ్డాడు. శవం పడవ దగ్గర్నుంచి కొట్టుకొచ్చి ఉంటుంది."

"మోకాలి లోతు నీళ్లు, కదలని నీళ్లు. ఎలా కొట్టుకొస్తుందయ్యా, బస్సెక్కి వచ్చిందా? అతనికి గూడెక్కడుందో తెలీదు. గోడ మీద మ్యాపులో సూది చూసి చెప్తున్నాడు. ఆ సూది అబద్ధం. తల పగిలింది తూము రాయి తగిలి. అతను అక్కడ లేడు."

"లేనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు?"

"ఎవరి కోసమైతే ఒప్పుకుంటాడో, ఆ మనిషి అక్కడ ఉంది కనక."

మరిది ఆగిపోయాడు. ఒక్క క్షణం అతని మొహంలో పాత అసిస్టెంటు కనిపించాడు, వదిన వెనక నోరు మూసుకుని నడుస్తూ పని నేర్చుకున్నవాడు. మళ్లీ ఇన్‌స్పెక్టర్ వచ్చేశాడు.

"ఒప్పుకోలు నా చేతిలో ఉంది. మీ చేతిలో ఏముంది? వంగిన గడ్డి. మధ్యాహ్నం కోర్టు. నాకు లేటవుతోంది."

"ఫోన్ ఆన్‌లో ఉంచు."

"కోర్టులో ఆఫ్ చెయ్యాలి వదినా. ఆ రూలు మీరే నేర్పారు."

*

మాస్టారి కూతురు గట్టు మీద డిటెక్టివ్ పక్కన నడుస్తోంది. పిల్లల ఆస్పత్రిలో నర్సు. రెండు రోజులుగా నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి. భుజానికి సంచి ఉంది. దాన్ని చేత్తో కాదు, మోచేత్తో డొక్కకు అదిమి పట్టుకుంది.

"నాన్న పడిన చోటు చూడాలంటే... నావల్ల అవుతుందో లేదో మేడమ్."

"చూడక్కర్లేదు. నాతో కాస్త నడిస్తే చాలు. గూడెక్కడుందో నీకు తెలీదన్నావు కదా?"

"తెలీదు. నాన్న ఇంట్లో కూడా చెప్పేవాడు కాదు. అమ్మ ఉన్నప్పుడు, మీ నాన్నకి నాకంటే పిట్టల మీదే నమ్మకం అని దెప్పేది."

"సరే రా. నా వెనకే నడు."

డిటెక్టివ్ గట్టు దిగింది. జమ్ము కాడలు పక్కకు తోసుకుంటూ తిన్నగా నడిచింది. వెనక అమ్మాయి అడుగుల చప్పుడు. ఎండిన తుంగ దుబ్బు దగ్గరికి వచ్చింది. బురదలోంచి ఒక పిట్ట లేచి, అరవకుండా తక్కువ ఎత్తులో ఎగిరిపోయింది.

డిటెక్టివ్ ఠక్కున ఆగింది. ఏదో పోగొట్టుకున్నట్టు నేల వైపు వంగింది.

"ఆగకండి!"

ఆ కేక వెనక నుంచి వచ్చింది. అమ్మాయి రెండు చేతులతో ఆమె భుజం పట్టి ముందుకు తోసింది. "ఆగకండి, నడవండి, దాటిపోండి! కాకులు చూస్తాయి!"

డిటెక్టివ్ నడిచింది. ఇద్దరూ గూటిని దాటారు. జమ్ములో చుట్టు తిరిగారు. గుంజ పక్కన కాస్త గట్టినేల ఉంది. అక్కడ ఆగారు. వెనక పిట్ట దిగి గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

"నేను చెప్పలేదమ్మా, అక్కడ గూడుందని" అంది డిటెక్టివ్ నెమ్మదిగా.

అమ్మాయి మొహంలో రక్తం లేదు. అలాగే బురదలో చతికిలబడింది.

"ఆరేళ్లప్పుడు నేర్పాడు" అంది. "నన్ను భుజాల మీద ఎక్కించుకుని. ఆగకూడదమ్మా, మనకి చూడాలని ఉంటుంది, వాటికి బతకాలని ఉంటుంది అని. అన్ని గూళ్లూ నాకు చూపించాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకునేవాడు. మా ఆయనక్కూడా చెప్పలేదు."

"మొన్న ఏం జరిగింది?"

"బతిమాలదామని వచ్చాను. మీ అల్లుడు తప్పు ఒప్పుకున్నాడు నాన్నా, ఇంటికి రానివ్వు అన్నాను. పిట్టని మోసం చేసినవాడు రేపు నిన్ను మోసం చెయ్యడా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు. నేను... తోశాను మేడమ్. తోశాను. తూము మీద పడ్డాడు. రాయి తగిలింది. నేను పట్టుకోబోతే, ముట్టుకోకు, పో అని అరిచాడు. నేను పోయాను. నర్సుని. తల పగిలిన మనిషిని వదిలేసి పోయాను."

ఏడుపు రావడం లేదు ఆమెకు. వస్తే బాగుండేది.

"ఇంటికెళ్లాక కాళ్లకు బురద చూశాడు మా ఆయన. ఏమీ అడగలేదు. పోలీసులు వచ్చేసరికి తనే ముందుకెళ్లాడు. లాకప్‌లో చెప్పేద్దామని నోరు తెరిస్తే, చూపుతోనే వద్దన్నాడు. మీరు ఆయన్ని విడిపిస్తారేమో, నేను బయటపడకుండానే ఉంటానేమో అని మీ దగ్గరికొచ్చాను. ఎంత సిగ్గులేని దాన్నో చూడండి."

"కెమెరా?"

అమ్మాయి సంచిలోంచి తీసింది. అరచేతిలో పట్టేంత ఉంది. ఆకుపచ్చ రంగు డబ్బా, వెనక చిన్న తెర. "పది రోజుల కిందట కట్టాడు. బ్యాటరీలు నేనే కొనిచ్చాను. రెండు గూళ్లు పోయాయి, ఈసారి దొంగ మొహం చూడాలి అన్నాడు. మా వాళ్లలోనే ఎవరో ఉన్నారని అనుమానం, ఎవరితోనూ అనకు అన్నాడు. నేను తోసింది ఇందులో పడి ఉంటుందని నిన్న వచ్చి విప్పుకుపోయాను. చూడలేదు. చూసే ధైర్యం లేక. పారేసే ధైర్యం కూడా లేక."

డిటెక్టివ్ దాన్ని అందుకుని మీట నొక్కింది.

తెర మీద గూడు. దాని వెనక తూము. మనుషులు మోకాళ్ల వరకే కనిపిస్తున్నారు. చీర కుచ్చెళ్లు, మాస్టారి ప్యాంటు. కాళ్లు పెనుగులాడాయి. మాస్టారు తూము మీద పడ్డాడు. కుచ్చెళ్లు ముందుకు వంగాయి, ఆగాయి, తెర దాటిపోయాయి. అమ్మాయి కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువు" అంది డిటెక్టివ్. "తెరిచి చూడు. మీ నాన్న లేస్తున్నాడు."

మాస్టారు లేచి కూర్చున్నాడు. తల వెనక తడుముకున్నాడు. చెయ్యి చూసుకున్నాడు. జేబులోంచి రుమాలు తీసి గాయానికి అదుముకున్నాడు. కూతురు వెళ్లిన వైపు చూస్తూ, ఆగు అన్నట్టు ఒక చెయ్యెత్తాడు. తర్వాత ఆ చెయ్యి నెమ్మదిగా దించి, తనలో తనే తల అడ్డంగా ఊపుకున్నాడు. ఆ ఊపులో కోపం లేదు.

"నాన్నా" అంది అమ్మాయి. ఇప్పుడు ఏడుపు వచ్చింది.

"నువ్వు చంపలేదమ్మా. తోశావు, వదిలి వెళ్లావు. అది నీతోనే ఉంటుంది. కానీ చంపలేదు."

వీడియో ఇంకా నడుస్తోంది. తెరలో ఎడమ పక్క నుంచి ఒక జత గమ్‌బూట్లు వచ్చాయి. తిన్నగా గూటి వైపు వచ్చాయి. గుడ్ల కోసమే వచ్చాయేమో, ఒక చేతిలో చిన్న దూది డబ్బా వేలాడుతోంది. అప్పుడే తూము మీద మాస్టారు తల తిప్పాడు. చూశాడు. నోరు కదిలింది, ఏదో గట్టిగా అన్నాడు.

బూట్లు ఆగలేదు. వెనక్కి తిరగలేదు. గూటిని దాటుకుని పోయాయి. తెర బయట ఎక్కడో చుట్టు తిరిగి, ఈసారి కుడి పక్క నుంచి, మాస్టారి వెనక నుంచి వచ్చాయి. దూది డబ్బా కింద పెట్టాయి రెండు చేతులు. అవే చేతులు మాస్టారి మెడ పట్టి నీళ్లలోకి వంచాయి.

డిటెక్టివ్ వేలు మీట మీద బిగుసుకుంది. బొమ్మ నిలిచిపోయింది.

ఎడమ బూటు మీద అడ్డంగా, నిలువుగా, తెల్ల ప్లాస్టర్.

"బాబాయ్" అంది అమ్మాయి. నమ్మలేనట్టు కాదు. పిలుస్తున్నట్టు. "మా మందుల షాపు బాబాయ్. నాకు బైనాక్యులర్స్ కొనిచ్చిన బాబాయ్. నాన్న పాడె మోశాడు..."

డిటెక్టివ్‌కి పొద్దుటి మాటలు గుర్తొచ్చాయి. గుంజ మీద ఆ పట్టీ ఆయనకు చూపించింది తనే. కెమెరా సంగతి ఆయనకు తెలియజేసింది తనే. ఆ తర్వాత ఆయన ఊరికే కూర్చుని ఉంటాడా? ఫోన్ తీసి మరిది నంబరు నొక్కింది. స్విచాఫ్. కోర్టులో ఉన్నాడు. రూలు తనే నేర్పింది.

"మేడమ్" అంది అమ్మాయి గుసగుసగా.

గట్టు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బైనాక్యులర్స్ వాళ్ల వైపే ఎత్తి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలీదు. నెమ్మదిగా దించాడు. ఎప్పటిలాగే పెద్దమనిషిలా చెయ్యి ఊపాడు.

తర్వాత జమ్ములోకి దిగాడు. తిన్నగా వాళ్ల దగ్గరికి రావాలంటే గూటి మీదుగానే రావాలి. అలాగే వచ్చాడు. పిట్ట లేచింది. ఆయన దాని వైపు తల కూడా తిప్పలేదు, అడుగు కూడా ఆపలేదు. గూటిని దాటుకుని జమ్ములో కలిసిపోయాడు.

ఇక కనిపించలేదు. కాడలు కదులుతున్న చప్పుడు మాత్రం వెడల్పుగా చుట్టు తిరుగుతూ, వాళ్లిద్దరి వెనక్కి వస్తోంది.